వరద ముప్పున్న చోట చవకగా వస్తోందని ఇల్లు కొనొచ్చా?

రెండు ఇళ్లు చూశాం, ఏదీ తేల్చుకోలేకపోతున్నాం. మొదటిది నది దగ్గర, పల్లపు నేల. ధర మాకు అందుబాటులోనే ఉంది, ఎండలూ అంత తీవ్రంగా ఉండవు. రెండోది మరో ఊళ్లో, మెరక మీద. వరద భయం లేదు గానీ వేసవి భరించలేం, పైగా జీతంలో సగం ఇంటి అప్పుకే పోతుంది.

"వందేళ్ల వరద" అంటే వందేళ్లకోసారి వచ్చేది అనుకునేదాన్ని. కాదట, ఏ ఏడాదైనా 1 శాతం అవకాశం ఉన్న వరద. అప్పు తీరే 30 ఏళ్లలో కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 26 శాతం! గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కేకొద్దీ సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టి ఉంచుతుంది, దాంతో భారీ వానలు ఇంకా పెరగొచ్చు కాబట్టి, పాత వానల లెక్కల్నీ పూర్తిగా నమ్మలేకపోతున్నాను. మా అత్తగారికి మెట్లెక్కడం కష్టం. అర్ధరాత్రి నీళ్లొస్తే ఆవిణ్ణి ఎలా బయటికి తీసుకెళ్లాలన్నదే నా దిగులు.

ఇలాంటి చోట ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. పునాది ఎంత ఎత్తు లేపారు? బీమా ప్రీమియం ఏటేటా పెరుగుతోందా? అమ్మాలనుకున్నప్పుడు కొనేవాళ్లు దొరికారా? వేడి ఊళ్లలో ఉన్నవాళ్లు కరెంటు బిల్లు, రాత్రి నిద్ర సంగతి కూడా చెప్పండి. ముందు ఒక వానాకాలం ఆ నది దగ్గరే అద్దెకుండి చూద్దామంటున్నారు మా ఆయన. ఎవరైనా అలా చేశారా?