పీఓ ఫైలు నింపినా కొన్ని వాక్యాలు ఇంగ్లిష్‌లోనే (గ్నోమ్ తెలుగు అనువాదం)

కొత్తచేయి: లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్‌లోని ఫైల్స్ యాప్, అంటే నాటిలస్, తెలుగు పీఓ ఫైలును (మూలవాక్యం, దాని అనువాదం జతలుగా ఉండే ఫైలు) గ్నోమ్ అనువాదాల సైటు డ్యామ్‌డ్ లైస్ నుంచి దించుకుని, పీఓ ఫైళ్లు దిద్దే పోఎడిట్‌లో నింపాను. ప్రోగ్రామ్ చదివే ఎంఓ ఫైలుగా మార్చి నడిపితే నింపినవాటిలోనే కొన్ని ఇంగ్లిష్‌లో వస్తున్నాయి. ఒక వాక్యంలో ముందు శాతం-డి (సంఖ్య వచ్చే చోటు), తర్వాత శాతం-ఎస్ (పేరు లాంటి మాట వచ్చే చోటు) ఉన్నాయి. తెలుగు వరుసకు తిప్పి రాస్తే పోఎడిట్ తప్పంటోంది. పంపేముందు ఇంకేం చూసుకోవాలి?

పీఓపని: ఇంగ్లిష్‌లో మిగిలినవి ఫజ్జీ, అంటే 'ఇంకా సరిచూడాలి' అనే గుర్తున్నవి. మూలవాక్యం మారినప్పుడు పాత అనువాదాన్నే పోలికను బట్టి కొత్తదానికి తగిలించి ఆ గుర్తు పెడతారు. ఎంఓ తయారయ్యేటప్పుడు అలాంటివి వదిలేస్తారు. పోఎడిట్‌లో ఆ గుర్తు పేరు 'నీడ్స్ వర్క్'; అది తీసేస్తే సరి, కానీ ఒక్కొక్కటీ చదివే తీయండి. 'చూపు' కాస్తా 'దాచు' అయిన చోట కూడా పాత మాటే కూర్చుని ఉంటుంది.

తిప్పిన వాక్యానికి అంకెలు కావాలి. శాతం గుర్తు వెంటనే మూలంలోని వరుస సంఖ్య, డాలర్ గుర్తు, ఆ తర్వాత అక్షరం. మీ వాక్యంలో ముందొచ్చే ఎస్‌కు 2, వెనకొచ్చే డికి 1. ఒకదానికి అంకె ఇస్తే అన్నిటికీ ఇవ్వాలి. రెండూ ఎస్‌లే అయితే మరీ జాగ్రత్త: తిప్పినా పోఎడిట్ నోరెత్తదు, తెరమీద మాత్రం పేర్లు తారుమారవుతాయి.

మార్చాక పాత తెరే కనిపిస్తే, నాటిలస్ వెనకాల నడుస్తూనే ఉందన్నమాట. టెర్మినల్‌లో నాటిలస్ మైనస్ క్యూ కొట్టి, మళ్లీ తెరవండి.

విభక్తి: ఫైలు పేరు వచ్చే చోట శాతం-ఎస్‌కు 'లో', 'ను' అంటించకండి. పేరు ఇంగ్లిష్‌లో ఉంటే ప్రత్యయం దానికి అతుక్కుని చదవడానికి ఇబ్బంది. 'అనే ఫైలును', 'అనే ఫోల్డర్‌లో' అని రాస్తే ఏ పేరొచ్చినా వాక్యం నిలుస్తుంది. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో 'ట్' పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (కనిపించకుండా అక్షరాలను విడదీసే గుర్తు) పెట్టండి, లేదంటే వ కూడా ఒత్తుగా మారిపోతుంది. మెనూ మాటల్లో అండర్‌స్కోర్ షార్ట్‌కట్ అక్షరానికి గుర్తు. తెలుగు మాట రాసి, పక్కన కుండలీకరణాల్లో అండర్‌స్కోర్, ఇంగ్లిష్ అక్షరం ఉంచడం తెలుగు ఫైళ్లలో వాడుక.

కొత్తచేయి: అంకెలు పెట్టాక తప్పు పోయిందండీ. ఇక పంపాలంటే?

పీఓపని: ముందు డ్యామ్‌డ్ లైస్‌లో తెలుగు జట్టులో చేరి, మాడ్యూల్ (ఇక్కడ నాటిలస్) పేజీలో 'రిజర్వ్ ఫర్ ట్రాన్స్‌లేషన్' నొక్కండి. లేకపోతే అదే ఫైలు మీద ఇంకొకరి శ్రమ వృథా అవుతుంది. ఎక్కించేటప్పుడు వ్యాఖ్యలో సందేహమున్న మాటలు రాయండి: 'డైరెక్టరీ'కి ఏ తెలుగు మాట వాడారు, ఎందుకు వాడారు అని. సమీక్షించేవారికి అది ఎంతో సాయం. సమీక్ష అయ్యాక అనుమతి ఉన్నవారు ప్రోగ్రామ్ కోడ్ ఉండే రిపోజిటరీలో కలుపుతారు. జట్టు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే గ్నోమ్ చర్చావేదిక డిస్కోర్స్‌లో మాడ్యూల్ పేరుతో సహా అడగండి. గ్నోమ్ విడుదలలు మార్చి, సెప్టెంబర్‌లలో వస్తాయి కాబట్టి నెల ముందే పంపితే సమీక్షకు వ్యవధి ఉంటుంది.