'120 ఏళ్ళ డైట్' వాల్‌ఫోర్డ్ 79కే పోయారు. మరి ఆయన లెక్క తప్పేనా?

రెండోచూపు:
రాయ్ వాల్‌ఫోర్డ్ 1986లో రాసిన 'ది 120 ఇయర్ డైట్' చదువుతున్నాను. ఆయన 2004లో, 79 ఏళ్ళకే చనిపోయారని ఇప్పుడే తెలిసింది. ఇంతకీ ఆయన సైంటిస్టా, పుస్తకాలమ్ముకునే రకమా? క్యాలరీలు తగ్గించాలంటే ఆయన పద్ధతిలో పనికొచ్చేది ఏమన్నా ఉందా?

ఎలుకలబోను:
సైంటిస్టే. అమెరికాలోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో పాథాలజీ (రోగనిర్ధారణ శాస్త్రం) ప్రొఫెసర్. తిండి తగ్గిస్తే ఎలుకలు ఎక్కువకాలం బతుకుతాయని కార్నెల్ యూనివర్సిటీలో మెక్కే అనే శాస్త్రవేత్త 1935లోనే చూపించాడు. అయితే అది చిన్నప్పట్నుంచే తగ్గిస్తే. వాల్‌ఫోర్డ్, ఆయనతో పనిచేసిన వైండ్రక్ కలిసి ఏడాది వయసున్న, అంటే పూర్తిగా ఎదిగిన, చుంచెలుకలకి మెల్లమెల్లగా కోత పెట్టారు. ఆయుష్షు 10-20 శాతం పెరిగిందని 1982లో ప్రచురించారు. ఆయన పేరు నిలిచేది దీనితోనే. 120 అన్నది ఎలుకల ఫలితాన్ని మనుషులకి అంటగట్టిన ఊహ.

గాజుగది:
వాల్‌ఫోర్డ్ 1991-93లో అరిజోనాలోని బయోస్ఫియర్ 2లో (తమ తిండి తామే పండించుకుంటూ బతకాల్సిన మూసేసిన గాజు కట్టడం) మరో ఏడుగురితో ఉన్నారు, వాళ్ళ డాక్టరు కూడా ఆయనే. పండింది చాలక తొలి ఆర్నెల్లు మనిషికి రోజుకి సుమారు 1,800 క్యాలరీలే, పైగా పొలం పని. సగటు కొలెస్టరాల్ 191 నుంచి 123కి, బీపీ 109/74 నుంచి 89/58కి దిగాయి. ఆయన దీన్ని గట్టిగా ప్రచారం చేసుకున్నారు గానీ, ఎనిమిది మందిని చూసి ఆయుష్షు గురించి ఏం చెబుతాం? లోపల ఆక్సిజన్ కూడా 14 శాతం దగ్గరికి పడిపోయింది. ఆయన పోయింది ఏఎల్ఎస్‌తో (కండరాల్ని నడిపే నరాలు క్షీణించే జబ్బు). ఒక్కరి చావుతో సిద్ధాంతం నిలవదు, కూలదు. కాకపోతే ఏఎల్ఎస్ జన్యువున్న ఎలుకలకి తిండి తగ్గిస్తే జబ్బు ముందే మొదలైంది. అందరికీ మేలే అనడం తప్పు.

తూకంరాళ్ళు:
పద్ధతి సంగతి చెప్తా. అమెరికాలో క్యాలరీ (CALERIE) అనే పేరున్న ట్రయల్‌లో 218 మందికి రెండేళ్ళపాటు 25 శాతం తగ్గించమని లక్ష్యం పెడితే, నిజంగా తగ్గింది 12 శాతమే. 2,000 క్యాలరీలు తినేవాళ్ళకి 12 శాతమంటే 240, అంటే రెండు టేబుల్‌స్పూన్ల నూనె అంతే. అక్కడే మొదలుపెట్టండి. నూనె, చక్కెర ముందు తియ్యండి, ప్రొటీన్ ముట్టుకోకండి. ప్రొటీన్ రోజుకి, ఒంటి బరువు కిలోకి ఒక గ్రాము కంటే తగ్గకూడదు. కంటి అంచనా నమ్మొద్దు, నూనె గిన్నెలోకి నేరుగా వంచితే రెండు స్పూన్లు మూడవుతాయి. వంటింటి తూకం కొనుక్కోండి.

దెబ్బతినేది ఎముకలు. ఆ ట్రయల్‌లోనే తుంటి, వెన్నులో ఎముక సాంద్రత తగ్గింది. అందుకే బరువులెత్తే వ్యాయామం, కాల్షియం, విటమిన్ డి తప్పవు. బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 22 కంటే తక్కువున్నవాళ్ళని ఆ ట్రయల్‌లోకే తీసుకోలేదు. గర్భిణులు, ఎదిగే పిల్లలు దీని జోలికి రాకూడదు. షుగర్ మందులు వాడేవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా తగ్గిస్తే గ్లూకోజ్ పడిపోతుంది.

రెండోచూపు:
కోతుల మీద కూడా చేశారు కదా?

ఎలుకలబోను:
చేశారు, రెండు చోట్ల. విస్కాన్సిన్ యూనివర్సిటీలో 2009లో లాభం చూపించారు, ఎన్ఐఏ (వృద్ధాప్యం మీద పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్ళ 2012 ఫలితాల్లో ఆయుష్షు పెరగలేదు. విస్కాన్సిన్ మేతలో చక్కెర 28 శాతం పైనే, ఎన్ఐఏలో 4 శాతం లోపు. అంత తీపి మేత తగ్గిస్తే మేలు కనబడటంలో వింత లేదు.