ఏజెన్సీ ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం: స్థలం ఖరారయ్యేలోపు ఏమేం చూసుకోవాలి?

గెడ్డవతల:
పాడేరు వైపు ఒక కొండ ఊరికి ప్రసవాల గదితో ఆరోగ్య ఉపకేంద్రం ప్రతిపాదన వచ్చింది. చూపిస్తున్న స్థలం 30 సెంట్లు. కొంత రెవెన్యూ, కొంత అటవీ భూమి. ఒక పక్క గెడ్డ (వాగు), ఇంకో పక్క అమ్మవారి చెట్లు, దిగువన ఊరంతా నీళ్లు పట్టుకునే ఊట. చిన్న భవనం కాబట్టి పర్యావరణ అనుమతి అక్కర్లేదంటున్నారు. నిజమేనా?

సర్వేగొలుసు:
నిజమే. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టేవాటికే ముందస్తు అనుమతి కావాలి. కానీ అటవీ భూమి ఉంది కాబట్టి అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) వర్తిస్తుంది. ఆసుపత్రికి హెక్టారులోపు ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు తప్పనిసరి. సభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. సంత రోజునో, కాఫీ పళ్లు కోసే నెలల్లోనో పెడితే కోరం రాదు. ముందు సర్వేయరునీ అటవీ సిబ్బందినీ కలిపి నిలబెట్టి హద్దులు కొలిపించండి. టెండరయ్యాక తేలితే పని పునాదుల దగ్గరే ఆగిపోతుంది.

నీళ్లపని:
నాకు ఎక్కువ భయం ఆ ఊట గురించే. ప్రసవాల గది కడిగిన నీళ్లు, మరుగుదొడ్డి నీళ్లు ఎటు ఇంకుతాయో తేలకుండా ఆ స్థలానికి ఒప్పుకోవద్దు. సోక్‌పిట్ (మురుగు నీటి ఇంకుడు గుంత) అడుగు ఎంత లోతుకు వస్తుందో అంత లోతున జానెడు వెడల్పు గుంత తీసి, రాత్రంతా నీళ్లతో నానబెట్టండి. మర్నాడు 15 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు పోసి, 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. 30 నిమిషాలు దాటితే సోక్‌పిట్ పొంగుతుంది, పొడవాటి ఇంకుడు కందకం తవ్వాలి. 60 దాటితే అక్కడ ఇంకించే ఆలోచనే మానుకోవాలి. మరీ రెండు మూడు నిమిషాల్లో దిగినా సంతోషించకండి. రాతి పగుళ్లలోంచి మురుగు వడకట్టకుండానే ఊటకు చేరుతుందని అర్థం. ఈ పరీక్ష వేసవిలో చేస్తే నేల ఎండిపోయి ఉండి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో చేయండి.

గెడ్డవతల:
ఆసుపత్రి చెత్త తీసుకెళ్లే బండి వానల్లో ఘాట్ ఎక్కదు. అక్కడే కాల్చేస్తే?

నీళ్లపని:
కాల్చొద్దండి. ఆ ప్లాస్టిక్ పొగ విషం, సూదులేమో బూడిదలో అలాగే మిగులుతాయి. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలకు మించి ఉంచకూడదు. బండి రాని మారుమూల ఊళ్లకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో వ్యర్థాలు పూడ్చే లోతు గుంట పెట్టుకోవచ్చు. లోతు సుమారు 2 మీటర్లు. వ్యర్థం వేసిన ప్రతిసారీ 10 సెంటీమీటర్ల మట్టి కప్పాలి. సగం నిండాక పైఅంచుకు 50 సెంటీమీటర్ల దిగువ దాకా సున్నం వేసి, మిగతాది మట్టితో పూడ్చాలి. కుక్కలు, పందులు తవ్వకుండా ఇనుప జాలీ మూత ఉండాలి. సిరంజిలు, సెలైన్ గొట్టాలు ఇందులో వేయకూడదు, అవి ఎర్ర సంచిలోకి. సూదులు తెల్ల డబ్బాలోకి.

నీటి వనరుకు గుంట కనీసం 50 మీటర్ల దూరంలో ఉండాలి. 30 సెంట్లు చదరంగా ఉంటే ఒక్కో వైపు సుమారు 35 మీటర్లే. గెడ్డ పక్కనే ఉంది కాబట్టి అప్పుడు ఎటు జరిపినా ఆ దూరం దొరకదు. గుంటకు వేరే చోట భూమి అడగండి, లేదా స్థలమే మార్చమనండి.

కువిమాట:
అమ్మవారి చెట్లు కొట్టకపోతే సరిపోతుందనుకోవద్దు. దిసారితో (ముహూర్తాలు పెట్టే ఆదివాసీ పూజారి), పెద్దలతో ఒకసారి, ఆడవాళ్లతో విడిగా ఒకసారి ఆ చుట్టుపక్కలంతా నడవండి. దేవత రాళ్లు, శ్మశానం, చైత్రంలో ఆదివాసీలు ఇటుకల పండగ చేసే చోటు, పశువుల దారి, నీళ్ల దారి పటం మీద పెట్టండి. పురుటి అంటు పాటించే ఊళ్లో అమ్మవారి ముందునుంచే ప్రసవాల గదికి దారి పెడితే గర్భిణులు రావడం మానేస్తారు. గేటు రెండో వైపుకు మార్చమని ఇప్పుడే అడగాలి.

మాయ (బిడ్డ పుట్టాక బయటికొచ్చేది) సంగతి కూడా. నిబంధనల ప్రకారం అది పసుపు సంచిలోకి వెళ్లాలి. ఇంటి దగ్గర పాతిపెట్టే కుటుంబాలకు ఇది పెద్ద బాధ. లోతు గుంటకు దరఖాస్తు చేసేటప్పుడే మాయకు విడిగా ఒక గుంట, పూడ్చేటప్పుడు ఇంటివాళ్లు దగ్గరుండే వీలు కోరండి. తోడొచ్చినవాళ్లకు పొయ్యి షెడ్డు, వేడినీళ్లు కూడా గ్రామసభ తీర్మానంలో చేర్చండి. సభలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లకు వాళ్ల భాషలోనే చదివి వినిపించి, ఖర్చు అంచనా తయారవకముందే ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ఇంజనీర్లకు తీర్మానం ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి. అంచనా ఆమోదం పొందాక షెడ్డుకు విడిగా డబ్బు రాబట్టడం చాలా కష్టం.