ఐఎఫ్‌పీ ముందు నిలబడాలంటే జంకు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (ఫిజికల్ సైన్స్, జడ్పీ హైస్కూల్)
పదో తరగతి గదిలో ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్, అంటే పెద్ద టచ్ తెర) బిగించారు. పీరియడ్ 45 నిమిషాలు. మధ్యలో తెర బిగుసుకుపోతే పిల్లల ముందు ఏం చెయ్యాలన్నదే భయం. వచ్చే వారం విద్యుత్ పాఠం మొదలవుతుంది, నెట్ మీద ఆశ లేదు. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు 1
మేడం, నెట్ అక్కర్లేదు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ (PhET) సైట్‌లో డీసీ సర్క్యూట్ సిమ్యులేషన్ ఉంటుంది, తెర మీదే తీగలు, బల్బులు కలిపి చూడొచ్చు. ఇంట్లో డౌన్‌లోడ్ చేస్తే ఒక్కటే హెచ్‌టీఎంఎల్ ఫైలు. ప్యానెల్‌లో ఆండ్రాయిడ్‌తో పాటు విండోస్ కూడా ఉంటే, విండోస్‌లోకి మారి క్రోమ్‌లో తెరవండి. ఆండ్రాయిడ్ వైపు ఒక్కోసారి మొరాయిస్తుంది, ముందురోజు సాయంత్రమే చూసుకోండి.

అందులో బ్యాటరీ 9 వోల్టులు, బల్బు 10 ఓమ్‌లు. రెండు బల్బులు శ్రేణిలో పెడితే అమ్మీటరు 0.45 ఆంపియర్లు చూపిస్తుంది, సమాంతరంగా పెడితే బ్యాటరీ దగ్గర 1.8. ముందు నోట్సులో లెక్క కట్టించి, ఆ తర్వాతే అమ్మీటరు పెట్టండి. తొందరపడి ముందే చూపిస్తే పిల్లలు అంకె రాసుకుంటారంతే, ఆలోచించరు. చివర్లో బల్బు తీసేసి ఒట్టి తీగ కలపండి, బ్యాటరీ మంటలు కక్కుతుంది. షార్ట్ సర్క్యూట్‌కి వేరే వివరణ అక్కర్లేదు.

జవాబు 2
బిగుసుకుపోవడం కన్నా టచ్ తిక్కగా ప్రవర్తించడమే ఎక్కువ. చాలా ప్యానెళ్లలో ఫ్రేము అంచు నుంచి ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు వెళ్తుంటాయి. చీర కొంగు అడ్డొచ్చినా వేలు తగిలిందనే అనుకుంటుంది. గీతలు వాటంతటవే పడుతుంటే ఆ అంచున పేరుకున్న సుద్దపొడిని పొడిగుడ్డతో తుడవండి. కిటికీ ఎండ నేరుగా పడినా అదే గొడవ, పరదా వెయ్యాలి.

లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ ఒక్కటే పెడితే బొమ్మ వస్తుంది, టచ్ రాదు. దానికి చదరపు మూతి ఉన్న యూఎస్‌బీ కేబుల్ కూడా కలపాలి. అను ఫాంట్లలో టైపు చేసిన నోట్సు ప్యానెల్‌లో పిచ్చి అక్షరాలుగా కనిపిస్తుంది, పీడీఎఫ్ చేసి తీసుకెళ్లండి. విండోస్ షట్‌డౌన్ చెయ్యకుండా గోడ స్విచ్ కట్టేయకండి, మర్నాడు అప్‌డేట్లూ రిపేర్లూ అంటూ పావుగంట తినేస్తుంది.

జవాబు 3
సిమ్యులేషన్ మంచిదే గానీ, మొదటి వారానికి నా ఓటు పడదు. నాలుగు రోజులు వైట్‌బోర్డ్ యాప్‌లో పెన్నుతో రాయండి, చాలు. అదీ పీరియడ్‌లో పది నిమిషాలే. నల్లబల్ల చెరిపి, సుద్దముక్క సిద్ధంగా ఉంచుకోండి. ఏదైనా ఆగితే రెండు నిమిషాలు చూడండి, రాకపోతే నల్లబల్లకు మారిపోండి. కేబుళ్లు పెట్టే పని ఇద్దరు పిల్లలకు అప్పగించండి. మనకన్నా వాళ్లకే బాగా తెలుసని ఒప్పుకుంటే సగం జంకు అక్కడే పోతుంది.

ప్రశ్న అడిగినవారు
పెన్‌డ్రైవ్ పెడితే ఆండ్రాయిడ్‌లో కనిపిస్తోంది, విండోస్‌లో లేదు. పోర్టు పాడైందా?

జవాబు 2
పాడవలేదు మేడం. కొన్ని పోర్టులు ఆండ్రాయిడ్‌కే పనిచేస్తాయి. వెనకవైపు విండోస్ పెట్టె బిగించి ఉంటుంది, దాని మీదున్న పోర్టులో పెట్టి చూడండి.