సంక్రాంతి క్యారమ్స్ టోర్నీ: ఫౌల్స్, పెనాల్టీల సంగతి ఇప్పుడే తేల్చేద్దాం (వాలంటీర్లందరూ చదవండి)

అందరికీ నమస్కారం అండి. నేను డిసెంబర్ ఆఖరు దాకా విజయవాడలోనే ఉంటా కాబట్టి స్ట్రైకర్లు, కాయిన్స్ సెట్లు ఇక్కడ వన్ టౌన్‌లో కొనుక్కొస్తా, బోర్డులు మాత్రం టోర్నీ జరిగే కెనడా ఒంటారియోలో మనోళ్ళ బేస్‌మెంట్లలో ఉన్నవే వాడదాం, అంత చెక్క విమానంలో తేలేం. సామాను సంగతి పెద్ద కష్టం కాదు. నా దిగులంతా ఫౌల్స్ గురించి. ముగ్గుల పోటీలో జడ్జి చెప్పిందే ఫైనల్ అంటే ఎవరైనా ఊరుకుంటారు గానీ క్యారమ్స్ దగ్గర అలా కుదరదు, ప్రతి ఒక్కరికీ చిన్నప్పట్నుంచి వాళ్ళ వీధి రూల్స్ ఉంటాయి, బ్రాడీపేటలో పెరిగినాయన ఒకటి చెప్తాడు, సత్యనారాయణపురం ఆయన ఇంకోటి చెప్తాడు, ఇద్దరూ నిజాయితీగానే చెప్తారు, ఆట మధ్యలో అది కాస్తా తొండి అనే మాట దాకా వెళ్తుంది. ఆ మాట ఒకసారి వచ్చాక ఇంక పండగ వాతావరణం ఉండదు.

అందుకని నేను అనేది ఒకటే, పెనాల్టీ ఏంటో గొడవ వచ్చినప్పుడు కాదు, మొదటి స్ట్రైక్ కంటే ముందే చెప్పాలి. ఇంటర్నేషనల్ క్యారమ్ ఫెడరేషన్ రూల్సే పెట్టుకుందాం. ఆ ఫెడరేషన్ 1988లో చెన్నైలోనే మొదలైంది, ప్రపంచ కప్పులన్నీ ఆ రూల్స్ మీదే ఆడతారు, కాబట్టి మా వీధి, మీ వీధి అనే మాటే రాదు.

ముందు అంపైర్లుగా కూర్చునేవాళ్ళకి ఒక తేడా బాగా బుర్రకెక్కాలి. స్ట్రైకర్ పాకెట్‌లో పడటం ఒక రకం, చెయ్యకూడని పని చెయ్యటం ఇంకో రకం. మొదటిదాన్ని డ్యూ అంటారు, రెండోది ఫౌల్. రెండిట్లోనూ ఒక కాయిన్ బయటికొస్తుంది గానీ ఛాన్స్ ఉంటుందా పోతుందా అనేది అప్పుడు ఏం జరిగిందో దాన్ని బట్టి మారుతుంది, మనోళ్ళ గొడవలన్నీ అక్కడే.

ఒక్క స్ట్రైకరే పడితే మీ కాయిన్ ఒకటి బయటికి, ఛాన్స్ కూడా పోయినట్టే. ఎదుటివాళ్ళ కాయిన్‌తో కలిసి స్ట్రైకర్ పడితే ఆ కాయిన్ లోపలే ఉంటుంది, మీది ఒకటి బయటికి, ఛాన్స్ పోయింది. మీ సొంత కాయినూ స్ట్రైకరూ కలిసి పడితే పడిన కాయినూ బయటికే, ఇంకోటి పెనాల్టీ కూడా బయటికే, అంటే మొత్తం రెండు, కానీ ఛాన్స్ మాత్రం మీదే. ఇది చాలామంది ఒప్పుకోరు, మా గుంటూరులో ఛాన్స్ పోయేది అంటారు, ఈ ఒక్క లైన్ పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి ప్రతి టేబుల్‌కీ అతికించాలని నా రిక్వెస్ట్. ఇంకా మీకు ఒక్క కాయిన్ కూడా పడలేదనుకోండి, పెనాల్టీ మాఫీ అవ్వదు, బాకీగా రాసుకుని పడినప్పుడు తీస్తారు. బయటికి తీసిన కాయిన్‌ని పెట్టేది ఎదుటివాళ్ళు, మధ్యలో పెద్ద సర్కిల్ లోపల వాళ్ళకి నచ్చినచోట పెట్టుకోవచ్చు. ఆడినవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు.

ఇక ఫౌల్స్. స్ట్రైకర్ రెండు బేస్ లైన్లనీ తాకుతూ ఉండాలి, చివర్లో ఎర్ర గుండ్రం మీద పెడితే పూర్తిగా కప్పాలి, సగం ఎక్కించి పెడితే ఫౌల్. మూలల్లో యారో గీతలుంటాయి కదా, వాటిని స్ట్రైకర్ తాకకూడదు, చెయ్యి కూడా ఆ గీతల అవతలికి పోకూడదు. వేలితో కొట్టాలి, తోసుకుంటూ వెళ్ళకూడదు. సీట్‌లోంచి లేవకూడదు, కుర్చీ జరపకూడదు. స్ట్రైక్‌కి 15 సెకన్లు. బొటనవేలుతో కొట్టటం ఫౌల్ కాదు, దయచేసి ఎవరూ విజిల్ వెయ్యొద్దు.

జవాబు, స్కోర్ టేబుల్ చూసే వదిన:
బాగా రాశావు తమ్ముడూ, రెడ్ కాయిన్ సంగతి కూడా చెప్పు. మా ఇంట్లో రెడ్ 50, తెలుపు 20, నలుపు 10 అని ఆడేవాళ్ళం, ఎవరైనా ఏదైనా కొట్టొచ్చు. ఇక్కడ స్కోర్ షీట్ ఎలా గియ్యాలో నాకు అర్థం కావట్లేదు.

జవాబు:
వదినా, ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. బ్రేక్ చేసినవాళ్ళకి, అంటే మొదటి స్ట్రైక్ కొట్టినవాళ్ళకి తెలుపు, రెండోవాళ్ళకి నలుపు, తలా 9 కాయిన్స్. బోర్డు (అంటే ఒక రౌండ్) గెలిచినవాళ్ళకి ఎదుటివాళ్ళవి ఎన్ని మిగిలితే అన్ని పాయింట్లు, రెడ్ వాళ్ళదైతే ఇంకో 3. స్కోర్ 22కి చేరాక ఆ 3 కలపరు, ఇది షీట్ మీద గుర్తు పెట్టుకోవాలి. 25 పాయింట్లు గానీ 8 బోర్డులు గానీ, ఏది ముందైతే అక్కడితో గేమ్ అయిపోతుంది. మనకి హాల్ టైమ్ తక్కువ కాబట్టి ఫైనల్ తప్ప మిగతావన్నీ 4 బోర్డులకే ఆపేద్దాం, ఈ మార్పు మాత్రం మనది, ముందే చెప్పాలి.

రెడ్ పడగానే తర్వాతి స్ట్రైక్‌లో మీ కాయిన్ ఫాలో పడాలి, దాన్నే కవర్ అంటారు, పడకపోతే రెడ్ మళ్ళీ సెంటర్‌కి. ఒకే దెబ్బకి రెడ్డూ మీ కాయినూ రెండూ పడితే కవర్ అయినట్టే. రెడ్ బోర్డు మీద ఉండగా ఎదుటివాళ్ళ ఆఖరి కాయిన్ మీరు వేసేస్తే మాత్రం బోర్డు పోయినట్టే, అంపైర్ అక్కడ మొహమాటపడకూడదు.

జవాబు, పిల్లల కౌంటర్ అక్క:
పిల్లలకి పెనాల్టీలు తీసేద్దామా? మొన్న దీపావళికి మా వాడు ఏడ్చాడు.

జవాబు:
అక్కా, తీసెయ్యొద్దు అంటాను. పిల్లలు రూల్ వల్ల ఏడవరు, అప్పటిదాకా ఎవరూ చెప్పని రూల్ సడెన్‌గా మీద పడితే ఏడుస్తారు. ఆటకి ముందు రెండు నిమిషాలు తీసుకుని స్ట్రైకర్‌ని కావాలనే పాకెట్‌లో వేసి చూపించి, ఇదిగో ఇప్పుడు ఒక కాయిన్ బయటికొస్తుంది అని వాళ్ళ చేతే పెట్టిద్దాం. 15 సెకన్ల రూల్ ఒక్కటీ వాళ్ళకి వదిలేద్దాం.

జవాబు, హాల్ బుకింగ్ చూసే అన్న:
తమ్ముడూ, మన హాల్‌వాళ్ళు క్రోకినోల్ (గుండ్రటి చెక్క బోర్డు మీద బిళ్ళల్ని వేలితో కొట్టే ఆట) బోర్డులు రెండు ఇస్తామన్నారు, పక్కన పెడదామా? ఇక్కడోళ్ళు కూడా వస్తారుగా.

జవాబు:
తప్పకుండా పెడదాం అన్నా, అది ఒంటారియో ఆటే, తెలిసినవాటిల్లో పాత బోర్డు 1876లో అక్కడ చేసిందే, అక్కడే టావిస్టాక్ అనే ఊళ్ళో 1999 నుంచి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. కానీ మనోళ్ళు క్యారమ్స్ బుర్రతో కూర్చుంటే దెబ్బతింటారు. క్యారమ్స్‌లో ఏ కాయిన్‌నీ తాకకపోతే ఛాన్స్ పోతుంది, అంతే. క్రోకినోల్‌లో ఎదుటివాళ్ళ బిళ్ళ బోర్డు మీద ఉంటే దాన్ని తాకి తీరాలి, తాకకపోతే మనం కొట్టిన బిళ్ళ తీసేస్తారు, అది మన బిళ్ళల్లో దేనికైనా తగిలి ఉంటే అదీ పోతుంది. సీట్‌లోంచి లేవకూడదనే రూల్ మాత్రం రెండు ఆటల్లోనూ ఉంది. ఆ బోర్డుల దగ్గర అక్కడి పిల్లలనే అంపైర్లుగా కూర్చోబెడితే మన పిల్లలతో స్నేహం కూడా కలుస్తుంది.

జవాబు, ఫుడ్ కమిటీ:
కాయిన్స్ జారడానికి బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ అక్కణ్ణుంచి తెస్తున్నారా?

జవాబు:
తేవట్లేదండి. పక్కనే అరిసెలు, పులిహోర పెడుతున్నాం, పిల్లలు బోర్డు మీద చెయ్యి పెట్టి అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. కెనడా ఆరోగ్య శాఖ హెల్త్ కెనడా కూడా 2016లో పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో చేసే స్లైమ్ (సాగే జిగురు ముద్ద) లాంటి వాటిల్లో బోరిక్ యాసిడ్ వాడొద్దని చెప్పింది. పైగా లేబుల్ లేని తెల్ల పౌడర్ ప్యాకెట్ సూట్‌కేస్‌లో పెట్టుకుని ఎయిర్‌పోర్ట్‌లో ఎవరు సమాధానం చెప్తారు. అక్కడే దొరికే బంగాళాదుంప స్టార్చ్ పలచగా చల్లుదాం, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ఫుడ్ టేబుల్స్ మాత్రం హాల్ అవతలి వైపుకి మార్చండి.

ఇంకొక్కటి. చాలామంది సొంత స్ట్రైకర్ తెచ్చుకుంటామంటున్నారు, తెచ్చుకోవచ్చు, కానీ 15 గ్రాములు దాటకూడదు, అడ్డం 4.13 సెంటీమీటర్లు దాటకూడదు. ఇక్కడ షాపుల్లో బరువైనవి కూడా అమ్ముతున్నారు, చూడ్డానికి బాగుంటాయి, టోర్నీకి పనికిరావు. రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర తూచి స్టిక్కర్ వేద్దాం. గ్రాముల్లో చూపించే వంటింటి డిజిటల్ కాటా ఎవరింట్లో ఉందో కింద రాయండి, నాలుగు టేబుల్స్‌కి నలుగురు అంపైర్లు కావాలి, వాళ్ళూ రాయండి. పెద్దాళ్ళ క్యాటగిరీలో ఆడేవాళ్ళు ఆ క్యాటగిరీకి అంపైర్‌గా వద్దు, పిల్లల మ్యాచ్‌లకి కూర్చోవచ్చు.