‘త్రుఫే’ అనే మాటలోనే పాపం ఉందా?

ప్రశ్న

సోదరులకు వందనములు. యాకోబు పత్రిక 5:5లో ధనవంతులు ‘సుఖముగా’ జీవించారని మన తెలుగు బైబిలు చెప్పేచోట గ్రీకులో ఉన్నది ‘త్రుఫే’కు సంబంధించిన క్రియ. ‘త్రుఫే’కు మూలం ‘థ్రుప్తో’, అనగా ముక్కలు చేయడం, నలిపి మెత్తబరచడం. మనిషిని లోలోపల నలిపివేస్తుంది కనుకనే ఆ పేరు వచ్చిందనీ, కాబట్టి సుఖమన్నదంతా పాపమేననీ ఒక ప్రసంగంలో విన్నాను. ఈ వాదన నిలుస్తుందా?

మొదటి జవాబు

ధాతువు గురించి ఆయన చెప్పినది నిజమే. అయితే ధాతువును బట్టి తీర్పు చెప్పడం సరికాదు. మన పెద్దలు ఉత్తరం కవరు మీద ‘విలాసం’ రాసినప్పుడు అందులో భోగాన్ని ఎవరూ వెతకలేదు కదా!

హీబ్రూ లేఖనాలను గ్రీకులోకి తెచ్చిన సెప్టువజింట్ అనువాదకులు ‘ఏదెను’ అనే పేరులో ఆనందమనే అర్థాన్ని విని, ఆదికాండము 3:23లో ఆ తోటను ‘త్రుఫే తోట’ అన్నారు. మన బైబిలులో 36వ కీర్తనలోని ‘ఆనందప్రవాహము’ కూడా వారి అనువాదంలో త్రుఫే ప్రవాహమే, దానిని త్రాగించేవాడు స్వయంగా దేవుడే. ఇక నన్ను ఎక్కువగా కదిలించేది రోమా 16:12. త్రుఫైనా, త్రుఫోసా అనే ఇద్దరు స్త్రీల పేర్లూ ఈ మాట నుండి పుట్టినవే, సుకుమారాన్ని సూచించేవే. పౌలు మాత్రం వారిని ప్రభువునందు ప్రయాసపడేవారని తలచుకుంటాడు. ఆ మాటలోనే పాపముంటే ఏ తల్లిదండ్రులు బిడ్డకు ఆ పేరు పెడతారు?

యాకోబు కోపానికి కారణం 4వ వచనంలోనే ఉంది: చేలు కోసిన పనివారి కూలిని ఆ ధనవంతులు బిగబట్టారు. వారి సుఖం ఆ కూలి డబ్బుతో సాగింది.

రెండవ జవాబు

సెప్టువజింట్ సాక్ష్యాన్ని ఒప్పుకుంటాను. కానీ క్రొత్త నిబంధనలో ‘త్రుఫే’ అనే నామవాచకం కనిపించేది రెండే చోట్ల. లూకా 7:25లో అది అరణ్యంలోని యోహానుకు ఎదురుగా నిలిపిన రాజగృహాల జీవితం, 2 పేతురు 2:13లో పట్టపగలే సాగే అబద్ధబోధకుల భోగం. యాకోబు దాని పక్కన చేర్చిన ‘స్పటలావో’ (విచ్చలవిడిగా భోగించడం) అనే క్రియ కూడా తేలికైనది కాదు. 1 తిమోతి 5:6లో బ్రతికుండగానే చచ్చినదని చెప్పిన విధవరాలి నడతకు వాడినది అదే. ఆ ప్రసంగీకుడు ధాతువును వదిలి ఈ వచనాలను చూపి ఉంటే, సుఖమంతా పాపమని కాకపోయినా, ఈ సుఖం ప్రమాదకరమని గట్టిగానే చెప్పగలిగేవాడు.