అప్‌డేట్: డెబియన్ 12లో సౌండ్ వచ్చేసింది

ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేశాక స్పీకర్ల బదులు "డమ్మీ అవుట్‌పుట్" అని చూపిస్తోందని, సౌండ్ రావట్లేదని ఇంతకుముందు అడిగింది నేనే. జవాబిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్. పనికొచ్చింది డీమెసెగ్ (కెర్నల్, అంటే సిస్టమ్ మూలభాగం, ఇచ్చే సందేశాలు చూపే కమాండ్) చూడమన్న సలహా. సోఫ్ (సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్, ఆడియో చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) ఫైలు లేదని అందులో స్పష్టంగానే ఉంది, నేనే చూసుకోలేదు. ఇంటెల్ చిప్‌లో మైక్ ఆడియో డీఎస్‌పీ (సౌండ్‌ని ప్రాసెస్ చేసే భాగం) ద్వారా పనిచేసే మోడల్ అయితే కెర్నల్‌లో డ్రైవర్ ఒక్కటే చాలదు, ఆ ఫర్మ్‌వేర్ కూడా విడిగా కావాలి. డెబియన్ ప్యాకేజీల్లో నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ విభాగంలోని ఫర్మ్‌వేర్-సోఫ్-సైన్డ్ ప్యాకేజీ వేసి రీబూట్ చేస్తే స్పీకర్లు, మైక్ రెండూ వచ్చాయి. డీఎస్‌పీని వదిలేసి పాత డ్రైవర్ వాడమనే డీఎస్‌పీ_డ్రైవర్=1 సెట్టింగ్ పెట్టినప్పుడు స్పీకర్లు మోగాయి గానీ లోపలి మైక్ పోయింది, ఆఫీసు కాల్స్‌కి అది కుదరదు. పైప్‌వైర్ (యాప్‌ల సౌండ్‌ని నడిపే ప్రోగ్రామ్) తీసి అలాంటిదే అయిన పల్స్‌ఆడియో వేయడం దండగ. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ మార్కెట్లో ఒకతను ల్యాప్‌టాప్ బోర్డే పోయిందన్నాడు, ఇంకా నయం, అక్కడ ఇచ్చి రాలేదు.